ఇంగువ డబ్బాలో అసలు ఇంగువ ఎంత?

పాలకుర్తి: మన ఊళ్లలో ఏ కిరాణా దుకాణానికి వెళ్లినా అరలో వరుసగా పేర్చిన చిన్న చిన్న డబ్బాలు కనిపిస్తాయి. ఉప్పు, చింతపండు, ఎల్లిపాయల మాదిరిగా కిలోల లెక్కన కొనే సరుకు కాదది. 10 గ్రాముల డబ్బా కొంటే నెలల తరబడి వస్తుంది. అదే ఇంగువ. పప్పుచారుకు పోపు పెట్టాలన్నా, పులిహోర కలపాలన్నా గృహిణికి ఇంగువ కావాలి. చంటిబిడ్డ కడుపు ఉబ్బి ఏడ్చినా, ఎద్దు మేత మాని నిలబడినా పెద్దలకు ముందుగా గుర్తుకు వచ్చేది కూడా ఇంగువే.

ఇంత నమ్మకంగా వాడుకుంటున్న ఈ వస్తువు ఎక్కడి నుంచి వస్తున్నది? డబ్బాలో ఉన్నదంతా ఇంగువేనా? మందుగా దీనిని ఎంతవరకు నమ్మవచ్చు? పాలకుర్తి, కొడకండ్ల, దేవరుప్పుల ప్రాంతాల్లో రోజూ ఇంగువ వాడే వారిలో ఈ సంగతులు తెలిసినవారు తక్కువే. డబ్బు పెట్టి కొంటున్నాము కనుక, పిల్లలకు పెడుతున్నాము కనుక ఇవి తెలుసుకోవడం అవసరం.

వాముకు దగ్గరి చుట్టం

ఇంగువ కాయ కాదు, గింజ కాదు. ఒక మొక్క వేరు నుంచి కారే పాలు గడ్డకట్టగా వచ్చిన బంక. ఆ మొక్క కొత్తిమీర, జీలకర్ర, వాము, సోంపు మొక్కల కుటుంబానికే చెందినది. పూత కూడా వాము పూత మాదిరిగా గొడుగు ఆకారంలో వస్తుంది. అయితే వాము మొక్క మోకాలి ఎత్తున ఆగిపోతే, ఇంగువ మొక్క పూతకు వచ్చేనాటికి నిలువెత్తు మనిషిని మించి పెరుగుతుంది. నేలలో దాని వేరు క్యారెట్ గడ్డ మాదిరిగా లావుగా ఊరుతుంది. శాస్త్రజ్ఞులు ఈ జాతిని ‘ఫెరులా’ అని పిలుస్తారు.

ఇరాన్, అఫ్ఘానిస్థాన్, ఉజ్బెకిస్థాన్ వంటి దేశాల్లో వానలు అంతగా లేని ఎండు కొండలపై ఇది పెరుగుతుంది. చలికాలంలో అక్కడ మంచు పడుతుంది, వేసవిలో నేల ఎండిపోతుంది. మొక్క మొలిచిన ఏడాదే పాలు ఇవ్వదు. నాలుగైదేళ్లు వేరు బలిసేవరకు ఆగాలి. పూత రాకముందు, వసంతకాలంలో కొండవాసులు వేరు చుట్టూ మట్టి తీసి, కాడను మొదలంటా కోస్తారు. కోసిన చోట పాలు ఊరుతాయి. ఎండ తగలకుండా దానిపై ఆకులు, పుల్లలు కప్పి వెళతారు. కొద్ది రోజులకు తిరిగి వచ్చి గడ్డకట్టిన బంకను గీకి తీసుకుంటారు. మళ్లీ పలుచగా ఒక చెక్క కోసి, మళ్లీ కప్పుతారు. వేరులో పాలు ఇంకిపోయే వరకు, ఇంచుమించు మూడు నెలలపాటు ఈ పని సాగుతుంది. మన వైపు ఈత చెట్టుకు గీత పెట్టి కల్లు తీసే పనిని తలపించే పద్ధతి ఇది. అయితే చెట్టు మళ్లీ మళ్లీ కల్లు ఇస్తుంది. ఇంగువ మొక్క మాత్రం ఆ ఒక్క కాపుతో సరి.

తాజా బంక వాసన భరించరానిది. ఉల్లిలో, ఎల్లిపాయలో ఉన్నట్టే ఇందులోనూ గంధకంతో కూడిన నూనెలు ఉండడమే అందుకు కారణం. ఐరోపావారు దీనికి ‘దెయ్యపు పెంట’ అని పేరు పెట్టారంటే ఆ వాసన ఎంతటిదో ఊహించుకోవచ్చు. ‘ఇంగువ కట్టిన గుడ్డ’ అని మన పెద్దలు ఊరకే అనలేదు. ఇంగువ అయిపోయినా గుడ్డకు వాసన మిగులుతుంది.

కొండలు దాటి వచ్చిన సరుకు

మన దేశానికి ఇంగువ కొత్తది కాదు. చరకసంహితలో ‘హింగు’ అన్న పేరుతో దీని ప్రస్తావన ఉంది. మన ఇంగువ అన్న మాట అందులో నుంచి వచ్చినదే. గోవాలో ఉండిన పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా 1563లో అచ్చు వేసిన గ్రంథంలో, భారతదేశంలో ఇంగువ వాడకం ఎంత విస్తారంగా ఉన్నదో ప్రత్యేకంగా రాశాడు. ఉత్తరాదిన కాబూలు వర్తకులు మూటలు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి ఇంగువ అమ్మేవారు. రవీంద్రనాథ్ టాగూర్ రాసిన ‘కాబూలీవాలా’ కథలోని నాయకుడు అటువంటి తిరుగుడు వర్తకుడే.

ప్రపంచంలో ఉత్పత్తి అయ్యే ఇంగువలో సుమారు 40 శాతం మన దేశంలోనే ఖర్చవుతుందని ఒక అంచనా. పండించేవారు ఒకరు, తినేవారు మరొకరు! శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి 2020లో వెల్లడించిన లెక్క ప్రకారం దేశానికి ఏటా 1,200 టన్నుల ముడి ఇంగువ దిగుమతి అవుతున్నది. అందుకు అయ్యే ఖర్చు సుమారు 10 కోట్ల డాలర్లు. లెక్క కట్టి చూస్తే కిలోకు 80 డాలర్ల పైమాటే. ఆనాటి మారకం ప్రకారం అది 6 వేల రూపాయలకు పైన. ఇది రేవులో దిగిన ముడి సరుకు ధర మాత్రమే. తరువాతి చేతుల లాభాలు వేరు.

ఈ ముడి సరుకు ముంబయి, ఉత్తరప్రదేశ్‌లోని హాత్రస్ వంటి చోట్ల ఉన్న తయారీ కేంద్రాలకు చేరుతుంది. హాత్రస్‌లో ఇది తరతరాల వృత్తి. హాత్రస్ ఇంగువకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అక్కడ డబ్బాలకు ఎక్కిన ఇంగువ టోకు వ్యాపారుల చేతులు మారి మన ఊరి కిరాణా దుకాణం అర మీదికి వస్తుంది.

డబ్బాలో ఉన్నది ఏమిటి?

అసలు విషయం ఇక్కడే ఉంది. కిలో 6 వేలకు దిగుమతి అయిన సరుకు, సామాన్యుడు కొనగల ధరకు డబ్బాలో ఎలా వస్తున్నది? జవాబు సులభం. డబ్బాలో ఉన్నదంతా ఇంగువ కాదు.

తయారీదారులు ముడి ఇంగువను నీటిలో నానబెట్టి కరిగిస్తారు. గోధుమపిండో, బియ్యపు పిండో, తుమ్మజాతి చెట్ల బంకో చేర్చి ముద్దగా పిసుకుతారు. ఆరబెట్టి ముక్కలు కోస్తారు, లేదా పొడి చేస్తారు. దీనినే వ్యాపారులు ‘బంధానీ’ అంటారు. డబ్బా మీద ఇంగ్లీషులో ‘కాంపౌండెడ్’ అని ఉండేది ఇదే. కలిపిన ఇంగువ అని దాని అర్థం. ముద్ద ఇంగువ అన్నా, పొడి ఇంగువ అన్నా మన దుకాణాల్లో దొరికేది చాలావరకు ఈ రకమే.

ఇది మోసమా అంటే కాదు. అసలు ఇంగువ జిగటగా, మితిమీరిన ఘాటుతో ఉంటుంది. చిటికెడు వేయబోయి ఆవగింజంత ఎక్కువ పడితే కూర నోట పెట్టలేము. అందువల్ల పిండి కలపడానికి చట్టమే అనుమతి ఇచ్చింది. అయితే హద్దులు కూడా పెట్టింది. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం, అసలు ఇంగువలో ఆల్కహాలులో కరిగే సారానికి కనీస పరిమితి ఉంది. కలిపిన ఇంగువలో అది కనీసం 5 శాతం ఉంటే చాలు. అంటే డబ్బా ఇంగువ సత్తువ అసలు దానికన్నా తక్కువ. మిగిలినది పిండి, బంక.

వేరే చెట్ల బంకలు, సర్జరసం వంటి గుగ్గిళ్లు, తారు రంగులు, మట్టి రంగులు మాత్రం కలపరాదు. అవి కలిపితే అది కల్తీ. ఏ పిండి, సుమారు ఎంత కలిపారో డబ్బా మీద తెలియజేయడం తయారీదారు బాధ్యత. గోధుమలు పడనివారు ఆ వివరం చదివే కొనాలి. వారికి బియ్యపు పిండి కలిపిన రకం మేలు.

రెండు డబ్బాలు ఒకే ధరకు దొరుకుతున్నా రెండింటిలో ఉన్న ఇంగువ ఒకటి కాకపోవచ్చు. ఒకదానిలో చిటికెడు వేస్తే వచ్చే గుబాళింపు మరొకదానిలో అరచెంచా వేసినా రాకపోవచ్చు. కాబట్టి తూకాన్ని చూసి కాక సత్తువను చూసి బేరం కట్టుకోవాలి.

ఇంట్లోనే పరీక్ష

కల్తీని కనిపెట్టడానికి ఖర్చు లేని పద్ధతులు రెండు ఉన్నాయి.

మొదటిది నీటి పరీక్ష. గాజు గ్లాసులో శుభ్రమైన నీరు పోసి కొద్దిగా ఇంగువ పొడి వేసి కలపాలి. ఇంగువ కరిగి నీరు పాలవలె తెల్లబడుతుంది. కొంతసేపు కదపకుండా ఉంచి అడుగు చూడాలి. కలిపిన ఇంగువలో పిండి ఉంటుంది కనుక పలుచని మడ్డి దిగడం సహజం. కాని ఇసుక, మట్టి, సుద్దపొడి వంటివి గరగరలాడుతూ పేరుకుంటే ఆ డబ్బాను అనుమానించవలసిందే.

రెండవది నిప్పు పరీక్ష. ఉక్కు చెంచాలో చిన్న ముక్క ఉంచి వెలిగించాలి. అసలు ఇంగువ కర్పూరం మాదిరిగా ప్రకాశవంతంగా మండుతుంది. వేరే గుగ్గిళ్లు కలిపినదానిలో అటువంటి మంట రాదు. ఈ పరీక్ష అసలు ఇంగువ పేరుతో ఎక్కువ ధర పెట్టి కొన్న ముక్కకు పనికివస్తుంది. పిండి కలిపిన పొడి అలా మండకపోతే దానిని కల్తీ అనుకోనక్కర లేదు.

జాతరల్లో, సంతల్లో పేరు, ఊరు లేని కాగితం పొట్లాల్లో అమ్మే ఇంగువను కొనకపోవడం మంచిది. దానిలో మోసం జరిగితే అడగడానికి మనిషి ఉండడు. డబ్బా మీద తయారీదారు పేరు, ఆహార లైసెన్సు నెంబరు, తయారీ తేదీ ఉన్నాయో లేదో చూడాలి. చదువురాని పెద్దలు బడికి వెళ్లే పిల్లల చేత చదివించుకోవచ్చు.

పోపులో పొదుపు

కొన్న ఇంగువను సరిగా వాడుకోవడం మరొక నేర్పు. నూనె బాగా కాగి, ఆవాలు, జీలకర్ర చిటపటలాడిన తరువాత చివరగా ఇంగువ వేయాలి. క్షణంలో పొంగుతుంది. వెంటనే పప్పులో పోపు తిరగవేయాలి. వేడి నూనెలో పచ్చివాసన పోయి ఉల్లి, ఎల్లిపాయ కలిసిన కమ్మదనం వస్తుంది. ఎక్కువసేపు ఉంచితే మాడి చేదెక్కుతుంది. ఉల్లి, ఎల్లిపాయ తినని ఇళ్లలో ఇంగువకు ఎక్కువ ప్రాధాన్యం ఉండడానికి ఈ రుచే కారణం.

ముద్ద ఇంగువ కొన్నవారు చిన్న ముక్కను గోరువెచ్చని నీటిలో నానవేసి ఆ నీటిని చారులో పోసుకోవచ్చు. లేదా నేతిలో వేయించి దంచి పొడి చేసుకోవచ్చు. బిగుతు మూత గల సీసాలో ఉంచితే వాసన నెలల తరబడి నిలుస్తుంది. మూత సరిగా లేని డబ్బాలో ఇంగువ ఉంచితే వాసన ఇల్లంతటికీ పంచి, కూరకు ఏమీ మిగల్చదు.

మందుగా ఎంతవరకు?

ఆయుర్వేదంలో ఇంగువకు పెద్ద పేరు ఉంది. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము, సైంధవ లవణం, జీలకర్ర, నల్లజీలకర్ర, ఇంగువ అనే 8 దినుసులతో చేసే ‘హింగ్వాష్టక చూర్ణం’ నేటికీ వైద్యశాలల్లో దొరుకుతుంది. అన్నంలో నేతితో కలిపి మొదటి ముద్దగా తింటే ఆకలి పుడుతుందని, కడుపుబ్బరం తగ్గుతుందని వైద్యులు చెబుతారు. హకీములు ఇంగువను ‘హిల్తీత్’ అన్న పేరుతో వాడతారు. కందిపప్పు, శనగపప్పు వంటి వాయువు చేసే పదార్థాలకు ఇంగువ పోపు పెట్టే అలవాటు ఈ అనుభవం నుంచి వచ్చినదే. మజ్జిగలో ఉప్పు, చిటికెడు ఇంగువ కలిపి తాగే ఆచారమూ అటువంటిదే. పెద్దవారికి, ఆ కొద్ది మోతాదులో, వీటివల్ల చెరుపు లేదు.

చిక్కంతా హద్దు దాటినప్పుడే. వంటలో వేసే చిటికెడు వేరు, మందుగా మింగే ఉండ వేరు. గర్భిణులకు ఇంగువను మందు మోతాదులో ఇవ్వరాదని పాతకాలపు వైద్యులూ హెచ్చరించారు. రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు కూడా డాక్టరును అడగకుండా మందుగా తీసుకోరాదు.

కడుపునొప్పి అన్నీ వాయువు నొప్పులు కావు. కుడివైపు పొత్తికడుపులో నొప్పి మొదలై జ్వరం, వాంతులు తోడైతే అది అపెండిసైటిస్ కావచ్చు. అటువంటి మనిషికి ఇంగువ నీళ్లు తాగించి రాత్రంతా ఇంట్లో ఉంచుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

తేలు కుట్టినచోట ఇంగువ అరగదీసి పూసే అలవాటు పల్లెల్లో ఉంది. పూత పూసినందువల్ల ఒంటిలోకి ఎక్కిన విషం దిగదు. పెద్దవారు నొప్పితో బయటపడినా, చిన్నపిల్లలకు ఎర్రతేలు విషం గుండెకు చేటు తెస్తుంది. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ ఇటువంటి రోగులకు ప్రాజోసిన్ మాత్ర ఇచ్చి ఎందరినో బతికించారు. ఆ చికిత్స సకాలంలో అందాలి. పిల్లవాడికి చెమటలు పట్టినా, వాంతులైనా, చేతులు కాళ్లు చల్లబడినా ఇంగువ కోసం వెతకకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

పసికందులకు వద్దు

తల్లులు, అమ్మమ్మలు ముఖ్యంగా గమనించవలసిన విషయం ఒకటి ఉంది. చంటిబిడ్డ ఏడిస్తే ఇంగువ నీళ్లు చెంచాతో పోయడం మన వైపు చాలా ఇళ్లలో చూస్తాము. దీనివల్ల హాని జరిగిన సంఘటన వైద్య పత్రికలకు ఎక్కింది. 1984లో అమెరికా శిశువైద్యుల పత్రికలో ఆ వివరాలు వచ్చాయి. 5 వారాల బిడ్డకు ఇంటివైద్యంగా ఇంగువ మందు పట్టించగా రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి తగ్గిపోయింది. దీనిని వైద్యులు ‘మెథెమోగ్లోబినీమియా’ అంటారు. బిడ్డ పెదవులు, గోళ్లు నీలంగా మారడం ఈ జబ్బు లక్షణం. నెలల పిల్లల రక్తం పెద్దల రక్తం వంటిది కాదు. పెద్దవారు హాయిగా అరిగించుకునే వస్తువే వారికి ప్రమాదం కావచ్చు.

పైగా 6 నెలలు నిండే వరకు తల్లిపాలు తప్ప మరేదీ, మంచినీళ్లు సైతం, పట్టరాదని వైద్యులు చెబుతున్నారు. పుట్టిన బిడ్డ బొడ్డు ఊడి మానకముందే దానిపై ఇంగువ పూయడం కూడా తగదు. బొడ్డును పొడిగా, శుభ్రంగా ఉంచడమే పద్ధతి. లేకుంటే చీము పట్టే ప్రమాదం ఉంది. పాలు తాగిన తరువాత బిడ్డను భుజాన వేసుకుని వీపు నిమిరితే తేన్పు వచ్చి చాలావరకు ఏడుపు మానుతుంది. ఆగకుండా ఏడ్చినా, కడుపు గట్టిపడినా, పచ్చని వాంతి అయినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపాలి.

పశువులకు సంబంధించినంతవరకు, పచ్చిమేత ఎక్కువ తిని ఎడమ డొక్క ఉబ్బినప్పుడు నూనెలో ఇంగువ కలిపి తాగించడం పాత వైద్యం. పశువైద్యులు సైతం కడుపుబ్బరానికి ఇంగువ చేరిన మందులు వాడినవారే. అయితే మూతి పైకెత్తి బలవంతంగా పోస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి పోయి పశువు చనిపోవచ్చు. ఉబ్బరం ముదిరితే నిమిషాల మీద ప్రాణం పోతుంది. ముందు పశువుల డాక్టరుకు కబురు పెట్టాలి.

మన చేలలో పండుతుందా?

ఇంత గిరాకీ ఉన్న పంటను మనమే పండించుకుంటే పోలేదా అని రైతులు అడగడం సహజం. ఆ ప్రయత్నం మొదలైంది. హిమాచల్‌ప్రదేశ్‌లోని పాలంపూర్‌లో ఉన్న హిమాలయ జీవవనరుల సాంకేతిక సంస్థ, ఢిల్లీలోని జాతీయ జన్యువనరుల సంస్థ ద్వారా 2018లో ఇరాన్ నుంచి విత్తనాలు తెప్పించింది. ఆ విత్తనాలు మొలవడమే కష్టం. నూటికి ఒకటి మొలిచినా గొప్పే. 2020 అక్టోబరు 15న లాహౌల్ లోయలోని క్వారింగ్ గ్రామంలో రైతు పొలంలో మొదటి మొక్క నాటారు. 2025లో పాలంపూర్‌లో ఇంగువ మొక్క పూసి గింజ కట్టినట్టు ఆ సంస్థ ప్రకటించింది.

కాని అది మంచు కురిసే చలి ప్రాంతం. పాలకుర్తి చెలకలు వేరు. ఇక్కడి వేసవి ఎండలు, వానాకాలం తడి ఆ మొక్కకు సరిపడవు. మన నేలలో వేరు కుళ్లిపోతుంది. కాబట్టి ఇంగువ నారు అని, ఎకరానికి లక్షలని చెప్పి ఎవరైనా మొక్కలు అమ్మజూపితే రైతులు నమ్మరాదు. ముందుగా మండల వ్యవసాయాధికారిని సంప్రదించాలి.

మన తెలంగాణ అడవుల్లో ఇంగువను తలపించే బంక ఒకటి లేకపోలేదు. అదే బిక్కి బంక. బిక్కి చెట్టు మొగ్గల కొసల నుంచి కారే పసుపుపచ్చని బంకకు ఘాటైన చెడు వాసన ఉంటుంది. ఉత్తరాదివారు దీనిని ‘డికామాలి’ అని, వైద్యగ్రంథాలు ‘నాడీహింగు’ అని పిలుస్తాయి. నులిపురుగులకు, పశువుల పుండ్లకు దీనిని వాడటం కద్దు. పేరులో హింగు ఉన్నా ఇది వంటల ఇంగువ కాదు. రెండింటి కుటుంబాలు వేరు, గుణాలు వేరు. ఒకదానికి బదులు మరొకటి తినరాదు.

ఎక్కడో ఎండు కొండల్లో నాలుగైదేళ్లు ఎదిగిన వేరును కోసి, గీకి తెచ్చిన సరుకు చిటికెడైనా విలువైనదే. కొనేటప్పుడు డబ్బా మీది రాతను చదివించుకుని కొనాలి. పోపులో పొదుపుగా వాడుకోవాలి. చంటిబిడ్డల నోటికి మాత్రం దూరంగా ఉంచాలి. ఇంటి పెద్దలు ఈ మూడు మాటలు కోడళ్లకు, కూతుళ్లకు చెప్పి ఉంచడం మంచిది.